చెయ్యి తీసినా ఆగని చక్రం

జూన్ 4

అక్కకు,

బండి బయలుదేరింది. లారీ ఆఫీసులో గోనెపట్టాలు చుట్టించి, తాళ్ళు బిగించి, పైన బావ చిరునామా నా చేత్తోనే రాశాను. బండి రాగానే, ఈ ఉత్తరం చదివి వినిపించేదాకా బావని ఎక్కనివ్వకు.

చూడగానే గుర్తుపడతావు. నేను పంపుల కంపెనీకి తొక్కుకుంటూ వెళ్ళిన పాత సైకిలే. వెనక చక్రం మధ్యలో మోటారు బిగించాను. సీటు కింద బ్యాటరీ, దాని పక్కన కరెంటును అదుపు చేసే పెట్టె. కుడిచేతి పిడి కొద్దిగా తిప్పితే బండి కదులుతుంది, వదిలేస్తే ఆగుతుంది. ఇక బావ తాను చేసే కట్టుడుపళ్ళ సెట్ల డబ్బాలు పట్టుకుని ఎత్తు మీదున్న క్లినిక్కులకు ఆయాసపడుతూ నడవక్కర్లేదు. ప్లాస్టరు దుమ్ము పీల్చీ పీల్చీ ఆ ఊపిరితిత్తులు ఎలా అయ్యాయో పోయినసారి వచ్చినప్పుడు చూశాను. మెట్టు మెట్టుకీ నిలబడి గోడ మీది పోస్టర్లు చదువుతున్నట్టు నటించాడు.

కొత్త బండ్లలో బ్రేకు నొక్కగానే మోటారుకి కరెంటు ఆపేసే స్విచ్చి ఒకటి ఉంటుంది. ఈ పాత కడ్డీ బ్రేకులకు అది ఎక్కలేదు, వదిలేశాను. బ్రేకులు గట్టివి, బావ నిదానస్తుడు, పరవాలేదు. వైర్లన్నీ హ్యాండిల్ మెడకు దగ్గరగా బిగించి కట్టాను, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

చెవులు పోయి కంపెనీవాళ్ళు ఇంటికి పంపేశాక నా గుమ్మం ఎవరూ తొక్కలేదని నీకు తెలుసు. ఇప్పుడు ఈ బండి చూసి ఇద్దరు వచ్చారు, ఇళ్ళకు తిరిగి బాలింతలను చూసే నర్సమ్మ ఒకరు, పేపర్ల ఏజెంటు ఒకరు. తమకూ చేసిపెట్టమని కాగితం మీద రాసి చూపించారు. ఆ కాగితం దాచుకున్నాను, నవ్వకు.

నీ ఫోనుకు తెలుగు పంపితే గళ్ళు గళ్ళుగా వస్తుందంటావు, నాకు ఫోను చేసి లాభం లేదు. కాబట్టి బద్ధకించకుండా ఉత్తరమే రాయి. బండి ఎలా ఉందో అంతా రాయి.

నీ తమ్ముడు

*

జూన్ 19

ఒరే చిన్నోడా,

బండి వచ్చింది. గోనెపట్టాలు విప్పుతుంటే వీధిలో సగంమంది మా గుమ్మంలోనే ఉన్నారు. మీ బావ సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఆ తర్వాత ముట్టుకున్నారు. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన అంత శుభ్రంగా రాలేదు.

ఇప్పుడు రోజూ బండి మీదే. పొద్దున్న సెట్లు సర్దుకుని ఎత్తెక్కి, డాక్టర్ల దగ్గర కొత్త అచ్చులు తీసుకుని దిగుతారు. అంత దూరం వెళ్ళొచ్చి కూడా మాట్లాడగలుగుతున్నారు. ఇదివరకు ఇంటికొస్తే ఊపిరి అందేదాకా చేత్తోనే సైగలు. మొన్న భోజనం దగ్గర ఒకావిడ పైపళ్ళ గురించి పెద్ద కథే చెప్పారు. కొత్త సెట్టుతో మొగుణ్ణి స్పష్టంగా తిట్టగలుగుతోందట, ఆ మొగుడు వచ్చి పాత సెట్టే నయమన్నాడట.

ఒక తమాషా జరిగింది. వాన వచ్చేలా ఉందని నేను బండిని లోపలికి నెడుతున్నాను. పిడి గట్టిగా పట్టుకుని గుమ్మం ఎక్కించబోయేసరికి, తాళం ఆన్‌లోనే ఉందేమో, నన్ను లాక్కుని పోయి ప్లాస్టరు బస్తాను గుద్దింది. ఇల్లంతా తెల్లటి దుమ్ము. నాకేం కాలేదు. మీ బావ నా జుట్టు చూసి, ఒక్క నిమిషంలో ముసలిదానివైపోయావే అన్నారు.

ఇంకోటి. నీ బండి గురక పెడుతుంది. ఆపి నిలబడ్డప్పుడు, హ్యాండిల్ ఎడమవైపు తిప్పితే వెనక చక్రంలోంచి గుర్రుమంటుంది. రోజూ కాదు, అప్పుడప్పుడు. పోయిన మా మామగారు పడక్కుర్చీలో అచ్చం ఇలాగే గురక పెట్టేవారు. అలసిపోయి కునుకు తీస్తోందిలే అని మీ బావ.

నేను పనిచేసే ఆసుపత్రి లాండ్రీలో కొత్త మిషన్లు పెట్టారు. ఆసుపత్రి దుప్పట్లన్నీ ఒకేసారి పిండేస్తాయి, చప్పుడుకి పక్కమనిషి మాట వినపడదు. నీకు తోడొచ్చేలా ఉన్నాను. వేళకు తింటున్నావా?

అక్క

*

జూన్ 28

అక్కకు,

ప్లాస్టరు బస్తా సంగతి చదివి నవ్వాను కానీ, అది నవ్వే విషయం కాదు. దిగగానే తాళం తీసెయ్యాలి. తాళం ఆన్‌లో ఉండగా నెట్టకూడదు. నెట్టేటప్పుడు కుడి పిడి పట్టుకోకుండా సీటు పట్టుకోవాలి. పిడి చేతిలో ఉంటే తెలియకుండానే మణికట్టు తిరుగుతుంది. బావకి కూడా చెప్పు. ఎక్కడైనా ఆగితే పిడి మీదినుంచి చెయ్యి తీసెయ్యమను.

గురక పెడితే పెట్టనీ. నాకెలాగూ వినపడదు. కొత్త బేరింగులు సర్దుకునేదాకా అలాగే మూలుగుతుంటాయి.

నర్సమ్మ బండి, ఏజెంటు బండి పూర్తయ్యాయి. నర్సమ్మ తన సంచీ పెట్టుకోవడానికి ముందు బుట్ట కావాలంది, పెట్టాను. నిన్న రోడ్డు మీద కనబడి చెయ్యి ఊపింది. బండి మీద ఒంటిచేత్తో పోతూ ఊపొద్దని నేను అరిచాను, బహుశా చాలా గట్టిగా అరిచినట్టున్నాను, అందరూ తిరిగి చూశారు. అయినా ఆ సాయంత్రమంతా హాయిగా ఉంది. నా చేతులకు పని దొరికింది అక్కా. ఇంకో ముగ్గురు అడుగుతున్నారు.

తింటున్నాను. నువ్వు చెవుల్లో దూది పెట్టుకో. నా మాట విని తప్పకుండా పెట్టుకో.

తమ్ముడు

*

జూలై 15

తమ్ముడూ,

మీ బావ బండి మీదినుంచి పడ్డారు. ప్రాణానికి భయం లేదు. ఆ మాట ముందు రాసేస్తే నువ్వు మిగతాది నిదానంగా చదువుతావని.

ఎత్తు మొదట్లో, చెప్పుల షాపు ఎదురుగా జనం రోడ్డు దాటే చోట బ్రేకు పట్టుకుని ఆగారు. ఒకావిడ పసిపిల్లను ఎత్తుకుని ముందునుంచి దాటుతోంది. ఉన్నట్టుండి బండి ముందుకు దూకింది. ఆవిడను తప్పించడానికి హ్యాండిల్ గోడవైపు కోసేశారు. గోడకీ బండికీ మధ్య కుడిచెయ్యి పడింది.

నేను లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతున్నాను. బాయిలర్ దగ్గర పనిచేసే ఆయన వచ్చి, నీళ్ళు తాగమ్మా అని గ్లాసు చేతికిచ్చాడు. ఎప్పుడూ లేనిది ఆయన నీళ్ళివ్వడమేమిటని గ్లాసు పక్కన పెట్టి, ఎవరికేమైందని అడిగాను. కింద గదిలో మీ బావ బల్ల మీద కూచుని ఉన్నారు. నేను మడతపెట్టిన దుప్పటే ఆయన చేతికింద పరిచారు. మణికట్టు విరిగింది. రెండు వేళ్ళ నరాలు కూడా తెగాయి, కుట్టారు. ఎంతవరకు పనికొస్తాయో కట్టు విప్పితే కానీ చెప్పలేమన్నారు.

ఎలా జరిగిందని అందరూ అడిగారు. నా పొరపాటే, ఆగి ఉండగా పిడి తిప్పేశాను అన్నారు మీ బావ. నేనడిగినా అదే చెప్పారు. పసిపిల్లకు ఏం కాలేదు. ఆ తల్లి సాయంత్రం వచ్చి చూసి ఏడ్చి వెళ్ళింది.

పని బల్ల మీద సగం చెక్కిన మైనం పళ్ళు అలాగే ఉన్నాయి. ఎవరిదో ముసలాయనది. మూడు పళ్ళకు ఆకారం వచ్చింది, తక్కినవి ఇంకా ముద్దగానే ఉన్నాయి. వాటి మీద గుడ్డ కప్పాను.

నువ్వు కంగారుపడి వచ్చెయ్యకు. ఇక్కడ చేసేదేం లేదు.

అక్క

*

జూలై 22

అక్కకు,

ఉత్తరం అందింది. బావ చెయ్యి ఎలా ఉందో వెంటనే రాయి. నొప్పి ఉందా, వేళ్ళు కదులుతున్నాయా?

అయినా అక్కా, నేను ముందే రాశాను కదా. ఆగినప్పుడు పిడి మీదినుంచి చెయ్యి తియ్యమని. రెండుసార్లు చదివి వినిపించి ఉంటే బావ మరిచిపోయేవాడు కాదు. ఎంత నిదానస్తుడైనా బండెక్కాక మనిషికి దూకుడు వస్తుంది. నా బండ్లు ఇక్కడ ఇద్దరు నడుపుతున్నారు, రోజూ ఊరంతా తిరుగుతున్నారు, ఒక్కరూ పడలేదు. తప్పు బండిది కాదు. అలవాటు లేకపోవడం, అంతే.

చెయ్యి బాగయ్యాక బావకు నేనే దగ్గరుండి నేర్పిస్తాను. బండిని జాగ్రత్తగా లోపల పెట్టండి, తడవనివ్వకండి.

తమ్ముడు

*

జూలై 30

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించలేదు. ఎవరిదని అడిగితే కరెంటు బిల్లన్నాను.

ఆయనకు దూకుడా? మైనంలో గోరంత తేడా వస్తే సెట్టంతా కరిగించి మళ్ళీ మొదలుపెట్టే మనిషి. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఒక్క గ్లాసు జారవిడవలేదు. నువ్వు రాసిన ఆ జాగ్రత్తలు నేను చదివిన రోజే తలకెక్కించుకున్నారు. బండి దిగితే తాళం, ఆగితే చెయ్యి, అదే పాఠం. నాకే విసుగొచ్చేది. అలాంటాయన చెయ్యి ఇప్పుడు గుడ్డమూటలా మెడకు వేలాడుతోంది. అన్నం నేను కలిపి పెడితే ఎడమచేత్తో తింటున్నారు, నా ముఖం చూడరు. నువ్వేమో అక్కడ కూచుని, తప్పు బండిది కాదని తీర్పు చెప్పావు.

నీకు నీ బండి మీద బెంగ. తడవనివ్వకండి అంటావు. అది ఎంత మొండిఘటమో నీకు తెలుసా? చెప్పుల షాపాయన నిన్న చూడ్డానికొచ్చి చెప్పాడు. మీ బావ పడిపోయి, బండి ఆయన మీద పక్కకు ఒరిగి, చేతులు రెండూ దూరంగా ఉంటే, వెనక చక్రం మాత్రం గిర్రున తిరుగుతూనే ఉందట. చొక్కా అంచు పట్టి లాగేస్తుంటే షాపాయన పరిగెత్తుకొచ్చి తాళం తిప్పితే కానీ ఆగలేదట. మనిషిని పడేసింది చాలక నమిలెయ్యబోయింది నీ బండి. దాన్ని గోనెపట్టాతో కప్పేశాను. వీధిలోకి గెంటేద్దామంటే మీ బావ వద్దంటారు. వాడు చేసిందే, ఉండనివ్వు అంటారు.

నీకు కోపం వస్తే రానీ. నాకంటే ఎక్కువ రాదు.

అక్క

*

ఆగస్టు 7

అక్కా,

ముందు ఈ ఒక్క పని చెయ్యి. బండి సీటు కింద పసుపుపచ్చటి ప్లగ్గు ఉంటుంది. దాన్ని లాగి విడదియ్యి. తాళం ఆపితే సరిపోదు, ప్లగ్గు లాగాలి. ఎవరూ దాన్ని ఎక్కకూడదు. నీ ఉత్తరం అందిన రోజే ఎదురింటి టీచరమ్మ చేత నీకు ఫోను చేయించి, బండి ఇవ్వకండి అని చెప్పించాను. చెప్పాను, విన్నారు అని ఆవిడ రాసి చూపించింది. అయినా మనసు ఆగక మళ్ళీ రాస్తున్నాను.

చేతులు దూరంగా ఉన్నా చక్రం తిరిగిందని రాశావు. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. చెయ్యి తిప్పడం వల్ల కదిలిన బండి చెయ్యి వదిలితే ఆగాలి. ఆగలేదంటే బావ తిప్పలేదు. బావ ఏ తప్పూ చెయ్యలేదు.

ఆ పిడిలోంచి మూడు వైర్లు వస్తాయి. ఎర్రది కరెంటు తెస్తుంది, నల్లది తిరిగి తీసుకుపోతుంది, మూడోది ఎంత తిప్పామో పెట్టెకు చెబుతుంది. నల్లది తెగితే ఎర్రదాంట్లోని కరెంటంతా మూడోదాంట్లోకి వస్తుంది. పెట్టె అది చూసి, ఎవరో పూర్తిగా తిప్పారనుకుని మోటారును పూర్తి వేగంతో తిప్పేస్తుంది. మంచి పెట్టెలైతే అనుమానించి ఆపేస్తాయి. నేను పెట్టింది అలాంటిది కాదు. ముచ్చటగా ఉండాలని వైర్లను హ్యాండిల్ మెడకు బిగించి కట్టాను. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా నల్లవైరు లోపల్లోపల నలిగింది. ఎడమవైపు తిప్పితే గురక పెడుతోందని నువ్వు రాశావు. సగం తెగిన వైరు ఒకసారి అంటుకుంటూ ఒకసారి విడిపోతూ ఉంటే మోటారు చేసే చప్పుడది. నేను బేరింగులన్నాను. బ్రేకుకి ఆ స్విచ్చి ఉండుంటే, బావ బ్రేకు నొక్కి నిలబడ్డాడు కాబట్టి, వైరు తెగినా చక్రం కదిలేది కాదు.

వెంటనే ఏజెంటు దగ్గరికి వెళ్ళాను. నా బండి బంగారంలా నడుస్తోంది, ఎందుకు విప్పుతావని రాశాడు. మాటలతో నమ్మేలా లేడు. బండిని స్టాండు వేసి, వెనక చక్రం గాల్లోకి లేపి, తాళం ఆన్ చేశాను. పిడి ముట్టుకోవద్దని అతన్ని దూరంగా నిలబెట్టాను. హ్యాండిల్ దగ్గర నల్లవైరు అతుకు ఊడదీశాను. చక్రం ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుంది. చక్రం చువ్వలు కనపడకుండా పోయాయి. నాకు చప్పుడు వినపడదు కదా, అతని ముఖం చూశాను. వెనక్కి వెనక్కి జరిగి గోడకు ఆనుకున్నాడు. తాళం తిప్పి ఆపాక బండి తీసుకెళ్ళిపొమ్మని చేత్తో సైగ చేశాడు, రాయలేదు.

నర్సమ్మ ఒప్పుకుంది కానీ, మోటారు ప్లగ్గు తీసేశాక కాగితం మీద ఒకే మాట రాసింది. చెరువుగట్టు అవతలి ఇళ్ళకు ఇక నేనెలా వెళ్ళను అని. ఆ కాగితం కూడా దాచుకున్నాను. ఇంకా అడిగిన ముగ్గురికీ లేదని చెప్పేశాను.

బావకి ఏం చెప్పాలో తెలియడం లేదు. దూకుడన్నాను. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

తమ్ముడు

*

ఆగస్టు 14

చిన్నోడా,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని నేను వీధుల వెంట పరిగెత్తాను. ఎందుకో చెబుతాను, భయపడకు, ఎవరికీ ఏం కాలేదు.

టీచరమ్మ ఫోను చేసినప్పుడు నేను లాండ్రీలో ఉన్నాను. మిషన్లు తిరుగుతున్నాయి. బయటికి పోయి మాట్లాడదామంటే ఆవిడ ఒకటే తొందర. ఆవిడ చెప్పిందేమో, బండి ఇవ్వకండి అని. నాకు వినబడింది, బండి ఇవ్వండి అని. మధ్యలో ఆ ఒక్క అక్షరం మిషను మింగేసింది. నీకు కోపం వచ్చి, మీకు అక్కర్లేకపోతే ఎవరికైనా ఇచ్చెయ్యండి అంటున్నావనుకున్నాను. సరే, అలాగేనండీ అని నేనూ పౌరుషంగా ఫోను పెట్టేశాను. ఆ రోజే మా బాయిలరాయనకు ఇచ్చేశాను. ఆయన వంగిన ముందుచక్రం సరిచేయించి కూతురికిచ్చాడు. ఆ పిల్ల ఎత్తు కింది కాలేజీలో చదువుతోంది.

నీ ఉత్తరం చదువుతూ ప్లగ్గు లాగమన్న చోటికి వచ్చాక మిగతాది చదవకుండానే లేచాను. బాయిలరాయన దగ్గరికి పోతే, పిల్ల కాలేజీకి వెళ్ళిందన్నాడు. బండి మీదేనా అంటే బండి మీదే అన్నాడు. నేను మాట కూడదీసుకుని చెప్పేసరికి ఆయన బాయిలరు ఇంకొకరికి అప్పగించి చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాడు. ఇద్దరం ఎత్తు దిగాం. కాలేజీ వదిలేశారు, పిల్ల లేదు. చెప్పుల షాపు మలుపు దగ్గరికొచ్చేసరికి ఆయన ముందుకు నడవలేక నా భుజం పట్టుకున్నాడు.

ఆ పిల్ల అవతలినుంచి బండి నెట్టుకుంటూ నడిచొస్తోంది. ఎండకు ముఖం కందిపోయి ఉంది. ఎందుకు నెడుతున్నావే అని తండ్రి అడిగాడు. "ఆగినప్పుడు గుర్రుమంటోంది నాన్నా. నేను ముట్టుకోకుండా అది కదలాలని చూస్తోంది. భయమేసి దిగిపోయాను" అంది. అది విని నేను సీటు కింద పసుపు ప్లగ్గు చూపించాను. లాగింది ఆ పిల్లే.

బండి మళ్ళీ మా ఇంటికొచ్చింది. మీ బావకు నీ రెండు ఉత్తరాలూ చదివి వినిపించాను. ఆయన ఎడమచేత్తో గడ్డం రుద్దుకుంటూ కూచుని, తర్వాత చెప్పారు. "అది దానంతటదే కదిలిందని నాకు ఆ క్షణమే తెలుసు. వాడికి ఇప్పుడిప్పుడే చేతికి పని దొరికింది. నేను తిప్పానంటే నాకు పోయేదేముంది అనుకున్నాను."

నాకు ఆయన మీద జాలి కలగలేదు చిన్నోడా, కోపం వచ్చింది. ఆయన మంచితనానికి ఆ పిల్ల బలైపోయేది. ఆ మాట అనేశాను కూడా. ఆయన సాయంత్రం బాయిలరాయన ఇంటికి నడిచి వెళ్ళారు. ఆయాసంతో మధ్యమధ్య ఆగుతూ వెళ్ళారు. అక్కడ ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు.

కట్టు విప్పారు. మూడు వేళ్ళు బాగానే కదులుతున్నాయి. నరాలు తెగిన రెండూ మడతపడటం లేదు. వ్యాయామం చేయించమన్నారు.

అక్క

*

ఆగస్టు 23

అక్కా,

ఇక నేను బండ్ల జోలికి పోను. సామాన్లన్నీ గోనెసంచిలో వేసి మూతి కుట్టేశాను. వినపడని మనిషి తిరిగే యంత్రాలతో పెట్టుకోకూడదు. ఆ బండి పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యండి. బ్యాటరీ మాత్రం ఇవ్వకండి, నేను వచ్చి తీసుకుపోతాను. ఇవ్వకండి అని పెద్దక్షరాలతో రాశాను, చూడు.

బావను చూడాలని ఉంది. ఏ ముఖం పెట్టుకుని రావాలో తెలియడం లేదు.

తమ్ముడు

*

సెప్టెంబరు 3

చిన్నోడా,

ఏ ముఖం అంటావేమిటి, ఉన్నది ఒకటేగా. అదే పెట్టుకుని రా.

మీ బావ ఒక మాట రాయమన్నారు, ఆయన చెబుతుంటే రాస్తున్నాను. "నా చెయ్యి నువ్వు బాగుచెయ్యలేవు, నాకు తెలుసు. ఎత్తు మీది క్లినిక్కులు మాత్రం కిందికి దిగి రావు. బండి బాగుచెయ్యి. కుట్టిన సంచి విప్పుకుని రా." ఇంతే. ఇంకేమైనా కలపమంటారా అంటే అక్కర్లేదన్నారు.

నాకు ఇష్టం లేదు. ఆ సంగతి కూడా రాస్తున్నాను. ఆ బండి మళ్ళీ ఈ గుమ్మం దాటితే నేను లాండ్రీలో నిలబడి పనిచెయ్యలేను. అయినా నువ్వు రా.

అక్క

*

అక్టోబరు 11

అక్కా,

మీ ఇంటినుంచి చెప్పకుండా తిరుగు బస్సెక్కినందుకు తిట్టుకునే ఉంటావు. నువ్వు పనినుంచి వచ్చేదాకా ఉంటే మాట్లాడాలి, మాట్లాడితే ఏడుస్తానని వెళ్ళిపోయాను. నిన్న నువ్వు లేనప్పుడు ఏం జరిగిందో బావ నీకు చెప్పడు. నేను చెబుతాను.

పాత వైర్లన్నీ తీసి పారేసి కొత్తవి వదులుగా వేశానని, వైరు తెగితే కదలకుండా మొరాయించే పెట్టె బిగించానని నువ్వు చూశావు. నిన్న పొద్దున్న కడ్డీ బ్రేకులు తీసేసి, నొక్కగానే మోటారు ఆగిపోయే స్విచ్చి ఉన్న కొత్త బ్రేకు పిడులు పెట్టాను. చక్రం గాల్లోకి లేపి, పూర్తి వేగంలో తిప్పి, కుడి బ్రేకు పిడి ఇలా తాకగానే ఆగడం బావకు చూపించాను. మళ్ళీ మళ్ళీ చూపించాను. నాకు గర్వంగానే ఉంది, అబద్ధం చెప్పను. అప్పుడు బావను చెయ్యి పెట్టమన్నాను.

బావ కుడిచెయ్యి బ్రేకు పిడి మీద పెట్టాడు. మూడు వేళ్ళు వంగాయి, రెండు అలాగే నిలబడ్డాయి. ఆ మూడింటికి బలం లేదు. పిడి కాస్త కూడా కదల్లేదు. నాకు అర్థం కాలేదనుకుని బావ పని బల్ల దగ్గరికి వెళ్ళి, అక్కడ పరుచుకున్న ప్లాస్టరు పిండిలో ఎడమ చూపుడువేలితో రాశాడు. "నొక్కలేను."

బండిని ఆపడం గురించి నెలంతా ఆలోచించాను అక్కా. ఆ చెయ్యి ఇక ఎలా ఉంటుందో ఒక్కసారైనా ఆలోచించలేదు. బావే ఆ మాటను అరచేత్తో చెరిపేసి, లోపలికి వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చాడు. ఎడమచేత్తో గ్లాసులు ఒక్కొక్కటే తెచ్చాడు.

టీ తాగుతూ ఆయన పాదాలు చూశాను. బల్ల కింద ఊరికే ఆడిస్తూ కూచుంటాడు కదా, అలాగే ఆడిస్తున్నాడు. తర్వాత మధ్యాహ్నమంతా పనిచేశాను. చేత్తో తిప్పే పిడి పూర్తిగా తీసేశాను. పెడల్ దగ్గర అయస్కాంతాల చట్రం ఒకటి పెట్టాను. కాళ్ళు తిప్పుతుంటేనే మోటారుకి కరెంటు వెళుతుంది. బలం పెట్టక్కర్లేదు, ఊరికే తిప్పితే చాలు. కాళ్ళు ఆగితే మోటారు ఆగుతుంది. రెండు చక్రాల బ్రేకులూ ఎడమచేతి పిడికే కలిపాను, అది తాకినా మోటారు ఆగుతుంది. ఇవన్నీ తప్పినా లాగడానికి ఎర్రతాడు ఒకటి, దాని కొస బావ నడుముకు. మనిషి బండి మీదినుంచి పడితే తాడు ఊడి బ్యాటరీయే విడిపోతుంది. ఒక్కొక్క వైరూ కావాలని తెంపి చూశాను. ఏది తెంపినా ఆగిపోయింది, ఏది తెంపినా పరిగెత్తలేదు. ఇది పూర్తిగా నిర్భయమని నీకు రాయను. ఆ మాట నేను మళ్ళీ ఎవరికీ చెప్పను.

ముందు నేనే ఎత్తెక్కి దిగాను. బావ కొంతదూరం నా పక్కన చెవి పెట్టి నడిచాడు. చప్పుడేమీ లేదని తల ఊపాడు. తర్వాత తాను ఎక్కాడు. చెప్పుల షాపాయన మమ్మల్ని చూసి బయటికొచ్చి నిలబడ్డాడు. బావ అక్కడ ఆగలేదు. మెల్లగా కాళ్ళు తిప్పుకుంటూ మలుపు దాటి, ఎత్తు సగంలో, బాగా నిట్టనిలువుగా ఉండే చోట కాళ్ళు ఆపేశాడు. బండి ఆగింది. ఎడమచేత్తో బ్రేకు పట్టుకుని, ఒక కాలు నేల మీద పెట్టి, అలాగే ఉండిపోయాడు. వీపు మాత్రమే నాకు కనబడుతోంది. ఆయాసపడుతున్నాడో, భయపడుతున్నాడో, నన్ను పిలుస్తున్నాడో తెలియలేదు. పిలిచినా నాకు వినపడదని ఆయనకు తెలుసు.

చాలాసేపటికి వెనక్కి తిరగకుండానే కుడిచెయ్యి పైకెత్తాడు. ఆ రెండు వేళ్ళు మడతపడవు కదా, అవి నిటారుగా ఉన్నాయి. రమ్మంటున్నాడో, అక్కడే ఉండమంటున్నాడో నాకు అర్థం కాలేదు. నేను ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాను.

తమ్ముడు